పైకి అనకూడని మాట

“అక్కడ భూమి కంపించిందే అనుకో. ఈ పిల్ల ఏ మేడ కింద ఉందో మనకి చెప్పేవాళ్ళెవరు?” అంది షౌవా, నిమ్మగడ్డి కట్టకి రబ్బరు బ్యాండు బిగిస్తూ.

భూమి కంపించలేదు. మైనూ ఎక్కడికీ వెళ్ళలేదు. రేకుల షెడ్డులో తల్లికి ఎదురుగా, బోర్లించిన ట్రే మీద కూర్చుని నిమ్మగడ్డి దుబ్బులకి ఎండు పొరలు ఒలుస్తోంది. కారులో మూడు గంటల దూరంలో ఉన్న డేవిస్ యూనివర్సిటీకి ఆ పిల్ల ఇంకా దరఖాస్తే పెట్టలేదు. నవంబరు ఆఖరు దాకా గడువుంది.

“భూకంపం వస్తే మన ఫ్రెస్నోకీ వస్తుంది” అన్నాడు షౌవా మొగుడు నెంగ్. నీళ్ళ గొట్టం కింద తెల్ల ముల్లంగి కడుగుతున్నాడు. “మన ఇంటి కింద ఎవరన్నా పరుపులు వేశారా?”

“ఇక్కడైతే నేను లాగుతాను బయటికి.”

“నువ్వా? ముందు నీ నడుం పట్టుకుని నిన్ను లాగాలి.”

మైనూ నవ్వింది, తల మాత్రం ఎత్తలేదు. నిమ్మగడ్డి ఆకు అంచు బ్లేడులా కోస్తుంది. మోచేతుల దాకా పాత చొక్కా చేతులు తొడుక్కుని, పొర మీద పొర ఒలిచి, తెల్లటి కాండం తేలాక కత్తితో తల నరికి పక్కన పడేస్తోంది. షౌవా వాటిని ఏరి కట్ట కడుతోంది. కట్ట కట్టే ప్రతిసారీ ఆమెకి ఒక భయం గుర్తొస్తోంది.

“దారిలో కారు ఆగిపోతేనో? ఒంట్లో బాగోకపోతే గంజి ఎవరు కాస్తారు? అక్కడ జిగురు బియ్యం దొరుకుతుందా అసలు?”

“దొరుకుతుందమ్మా.”

“దొరుకుతుంది అంటావు. చూసొచ్చావా?”

ఊళ్ళో కాలేజీలో రెండేళ్ళు చదివి, మిగతా రెండేళ్ళకి పెద్ద యూనివర్సిటీకి మారిపోవచ్చు. ట్రాన్స్‌ఫర్ అంటారు. వేసవి నుంచీ ఆ ఇంట్లో ఈ మాట ఉప్పులా అన్నింట్లోనూ పడుతోంది. ఇక్కడ చదివిన ఏ క్లాసు అక్కడ చెల్లుతుందో, ఏది చెల్లదో, ఏది ముందు చదవాలో, ఏది చదవకపోతే ఆ యూనివర్సిటీ గుమ్మంలోకే రానివ్వదో, అన్నీ మైనూకి నోటికి వచ్చు. రాబోయే వసంతంలో ఫిజిక్స్ ఒక్కటి చదివితే అయిపోతుంది, దానికి పేరు కూడా రాయించుకుంది. ముల్లంగి ట్రేల మీద తడి గోనెలు కప్పుతూ కూడా అదే చెబుతుంది. షౌవాకి సగమే అర్థమవుతుంది. ఒక తాళం తెరవడానికి ఇన్ని తాళం చెవులెందుకో అనుకుంటుంది. మళ్ళీ మర్నాడు తనే అడుగుతుంది, “ఇంతకీ ఆ కెమిస్ట్రీది చెల్లుతుందన్నారా?”

అంత చదువూ మన్ను కోసం. వీళ్ళు కౌలుకి చేసే చేలో పడమటి మూల మన్ను తెల్లబారింది. అక్కడ వేసిన ఆవాకు మొలవడమే పసుపుగా మొలుస్తుంది. పాత ఆసామి ఏదో మందు పోసి ఉంటాడని నెంగ్ అంటాడు. మైనూ ఆ మన్ను తెచ్చి సీసాల్లో పోసి, నీళ్ళు నింపి, కుదిపి షెడ్డు గూట్లో పెట్టింది. మర్నాటికి మన్ను పొరలు పొరలుగా విడిపోయి పేరుకుంది. అడుగున ఇసక, దాని మీద ఒండ్రు, పైన బంక. ఇంకో సీసాలో పొడి మన్ను మీద వెనిగర్ పోస్తే బుసబుసమని పొంగింది. షౌవా ఉలిక్కిపడి వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకి వంగింది.

“ఎందుకే అలా పొంగుతోంది?”

“సున్నం ఉందమ్మా. సున్నం ఒక్కటే కాదు, ఇంకేదో ఉంది. అదేంటో తెలియాలంటే డేవిస్‌లో వాళ్ళని అడగాలి. లేకపోతే నేనే వాళ్ళలో ఒకదాన్ని అవ్వాలి.”

ఎవరూ చూడనప్పుడు షౌవా గూటి దగ్గరికి వెళ్ళి ఆ సీసాల్ని వెలుగుకి పట్టి చూస్తూ ఉండేది.

కట్టలు సగం అయ్యేసరికి పక్క చేను నియా వచ్చింది, వీపున మనవణ్ణి మూట కట్టుకుని. షౌవా కంటే పెద్దది, గొంతు ఇంకా పెద్దది. మైనూ లేచి, చేతులు తుడుచుకుని, పిల్లాడి బుగ్గ పట్టుకుంది.

“ఛీ, ఎంత వికారంగా ఉన్నాడో! ఆ ముక్కేంటి, ఆ మొహమేంటి! ఎవరికి కావాలి నువ్వు?” అని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది.

నియా మొహం విచ్చుకుంది. “ఆఁ, కప్ప వెధవ. ఊరికే ఇస్తానన్నా ఎవడూ తీసుకోడు” అంది గర్వంగా.

దూరదేశపు కొండల నుంచి వలసొచ్చిన ఈ హ్మాంగ్ వాళ్ళ ఇళ్ళల్లో పసివాణ్ణి బాగున్నాడని అనరు. అంటే చెట్ల మీదా గాలిలోనూ ఉండేవి వింటాయి. విన్నాక ఊరుకోవు, వచ్చి ఎత్తుకుపోతాయి. అందుకే బిడ్డ ఎంత ముద్దొస్తే అంత తిట్టాలి. చాలామంది బిడ్డకి నడక రాగానే ఈ జాగ్రత్త వదిలేస్తారు. షౌవా వదల్లేదు. మైనూకి ఇరవై దాటినా వదల్లేదు. హైస్కూల్లో మెడల్ తెచ్చిన రోజున “ఈ రేకు ముక్క కూరకొస్తుందా, నారకొస్తుందా” అంది. ఆ రేకు ముక్కని మాత్రం ఇప్పటికీ వారానికోసారి తుడుస్తుంది.

“మీ పిల్ల పైచదువుకి దూరం పోతుందటగా, చెల్లీ?” అంది నియా.

“పోతుంది! గుమ్మం దాటితే తిరిగొచ్చే దారి తెలీదు దీనికి. మొద్దు.”

మైనూ చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ నిమ్మగడ్డి తల తెగి పడింది.

*

ట్రాన్స్‌ఫర్‌కి వెళ్ళే పిల్లల తల్లిదండ్రులకి ఆ మర్నాటి సాయంత్రం కాలేజీలో విందు. పొలానికి నీళ్ళు పెట్టే వంతు రావడంతో నెంగ్ ఆగిపోయాడు. వట్టి చేతులతో వెళ్ళడం ఎలాగని షౌవా పెద్ద ఆవాకు కట్ట ఒకటి తడి కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

“అమ్మా, అక్కడ ఎవరూ ఏమీ తీసుకురారు.”

“తేకపోతే వాళ్ళ ఖర్మ.”

హాలు పెద్దది. పొడుగు బల్లల మీద కాగితపు గుడ్డలు, గోడ పొడుగునా తిండి. రెండు వైపులా తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. బయట చీకటి పడుతోంది. చెట్లు నల్లగా, మాట వినబడే దూరంలో నిలబడి ఉన్నాయి. ఇంత వెలుతురు పెట్టి ఇలా తలుపులు తెరుచుకుని కూర్చుంటారేమిటని షౌవాకి అప్పుడే మనసు పీకింది. ద్వారానికి వీపు పెట్టి కూర్చుంటే భయం, మొహం పెట్టి కూర్చున్నా భయమే. చివరికి పక్కగా కూర్చుంది.

మైనూ పళ్ళేలు తేవడానికి వెళ్ళిన కాసేపటికే మిస్ ఒలీవేరా వచ్చింది. ఎవరు ఏ యూనివర్సిటీకి మారాలో, ఏ క్లాసులు చదవాలో పిల్లలకి చెప్పేది ఈవిడే. కళ్ళజోడు పూసల గొలుసుకి వేలాడుతోంది. భారీ మనిషి, నవ్వితే బల్ల కూడా కదిలింది.

“మీరేనా మైనూ వాళ్ళమ్మగారు! ఎన్నాళ్ళ నుంచో చూడాలనుకుంటున్నాను. మీ అమ్మాయి చాలా తెలివైంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరిలోకీ మొదటిది, నిజంగా చెబుతున్నాను!”

గొంతు తగ్గించనైనా లేదు. షౌవా కుర్చీ అంచుకి జరిగింది. ముందు తలుపు వైపు చూసింది. చెట్టు కొమ్మ ఒకటి కదిలింది. గాలికే అయ్యుండవచ్చు. కాకపోతేనో?

మార్కెట్లో కూరలమ్మి నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కలు కొన్ని ఉన్నాయి ఆమె దగ్గర. వాటినే గబగబా తీసింది.

“కాదు, కాదు. తెలివి లేదు. బద్ధకం. చాలా బద్ధకం.”

ఒలీవేరా ఇంకా గట్టిగా నవ్వింది. “భలేవారే! డేవిస్ వాళ్ళు ఇలాంటి పిల్లల కోసమే చూస్తుంటారు.”

ఊరి పేరు కూడా చెప్పేసింది! ఇంక వెతుక్కునే పని కూడా లేదు వాటికి. షౌవా ఆవాకు కట్టని గుండెకి అదుముకుంది.

“దూరం వద్దు. తల బలం లేదు. ఏడుస్తుంది. పడిపోతుంది.”

ఒలీవేరా నవ్వడం మానేసింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, షౌవా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. “ఒంట్లో బాగుండదా? నాకెప్పుడూ చెప్పలేదే.”

“చెప్పదు.”

“అంటే, అంత దూరం వెళ్ళడానికి తను ఇంకా సిద్ధంగా లేదని మీకనిపిస్తోంది.”

“సిద్ధం లేదు” అంది షౌవా. అనగానే ఎంతో తేలికపడింది. గుమ్మానికి అడ్డంగా ఒక్కొక్క రాయీ పేర్చి ఆఖరి రాయి పెట్టినట్టుంది. ఆ ఆఖరి మాట చెట్ల మీద ఉన్నవాటి కోసం అన్నదో, తన కోసమే అన్నదో ఆమెకే తెలియలేదు.

మైనూ పళ్ళేలతో వచ్చేసరికి ఒలీవేరా ఆవాకు కట్ట విప్పి వాసన చూస్తోంది. ఇదెలా వండుతారని అడిగింది. పంది మాంసంతో ఉడకబెట్టాలనీ, పక్కన పచ్చిమిరపకాయ నూరుకోవాలనీ షౌవా చేతులతో నూరి చూపించింది. “శనివారం. మార్కెట్. మేము అక్కడ” అని కూడా చెప్పింది. ఒలీవేరా సరేనంది. మైనూ భుజం మీద చెయ్యి వేసి, జాలిగా ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది.

“ఏమంటోందమ్మా ఆవిడ?”

“ఏముంది, ఆకు బాగుందంది.”

*

వారం మధ్యలో ఒక మధ్యాహ్నం మైనూ కాలేజీ నుంచి తొందరగా వచ్చేసింది. బట్టలు మార్చుకోకుండా తిన్నగా చేలోకి వచ్చి, తల్లి పక్క సాలులో కూర్చుని కొత్తిమీర పీకడం మొదలుపెట్టింది.

“ఫిజిక్స్ వదిలేశాను” అంది కాసేపటికి.

“అదేంటి? అది లేకపోతే అక్కడ రానివ్వరన్నావుగా?”

“అక్కడికి పెట్టడం లేదు. ఇక్కడే ఇంకో ఏడాది నిదానంగా చదువుకుని, తర్వాత మన ఊళ్ళో యూనివర్సిటీకే పెట్టుకోమంది మిస్ ఒలీవేరా. ఒంటి మీదకి తెచ్చుకోవద్దంది.”

“ఎందుకట?”

“నేనింకా సిద్ధంగా లేనట.”

షౌవా చేతిలో కొత్తిమీర కట్ట వేళ్ళ నుంచి మన్ను రాలుతోంది. దాన్ని విదిలించడం మర్చిపోయింది. “మరి నువ్వేమన్నావు?”

“ఏమంటాను? ఎంతమంది పిల్లల్ని చూసిందో ఆవిడ. ఆవిడకీ అలాగే అనిపించిందంటే అదే అయ్యుంటుంది.”

‘ఆవిడకీ’ అన్న మాట షౌవా చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. లోపల అప్పటికే సంతోషం నిండిపోయింది. భూకంపం లేదు. దారిలో ఆగే కారు లేదు. గంజి తనే కాస్తుంది. ఇంటికి వెళ్ళి కోడిని కోసి, వనమూలికలు వేసి ఉడకబెట్టింది. మెత్తటి తొడ ముక్క మైనూ గిన్నెలో వేసింది. మైనూ తింది. బాగుందని కూడా అంది. నెంగ్ ఒకసారి కూతుర్నీ, ఒకసారి పెళ్ళాన్నీ చూసి, ఎప్పుడూ వేసే జోకు కూడా వెయ్యకుండా పులుసు తాగాడు.

మర్నాడు షెడ్డు గూటి దగ్గరికి వెళితే సీసాల్లో మన్ను లేదు. శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి. పొరలు పొరలుగా పేరుకున్నదంతా పోయింది.

“మన్నేదే?”

“మూలలోనే పోసేశాను. సీసాలు మిరపకాయ పచ్చడికి పనికొస్తాయి.”

పనికొస్తాయి, నిజమే. షౌవా ఒకటి తీసి చూసింది. అవతలి వైపు తన వేళ్ళు కనిపించాయి, అంతే. ఇదివరకు అందులో చూడటానికి ఏదో ఒకటి ఉండేది.

ఆ మధ్యాహ్నం మైనూ కాలేజీకి వెళ్ళాక షౌవా వంటింట్లోంచి వెనిగర్ సీసా చొక్కా కింద దాచుకుని పడమటి మూలకి వెళ్ళింది. నెంగ్ చూస్తే నవ్వుతాడు. తెల్లబారిన చోట కూర్చుని ఇన్ని చుక్కలు పోసింది. మన్ను బుస్సుమంది. ఇంకాస్త ఇవతల, నల్లమన్ను మీద పోసింది. ఏమీ లేదు. అలాగే కూర్చున్న చోటి నుంచి జరుగుతూ జరుగుతూ, ఎక్కడి దాకా పొంగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూస్తూ పోయింది. పొంగే చోటికీ పొంగని చోటికీ మధ్య గీత తిన్నగా లేదు. కాలవ పారినట్టు వంకరగా ఉంది. వంకర ఎందుకు? ఎప్పుడన్నా ఇక్కడ నీళ్ళు నిలిచేవా? నీళ్ళు తెచ్చిందా దీన్ని? వెనిగర్ అయిపోయింది. ప్రశ్న అవలేదు.

సాయంత్రం ఆగలేక అడిగేసింది. “ఆ మూల మన్ను ఒక గీత దాకానే పొంగుతోందే. అదీ వంకరగా. ఎందుకంటావు?”

మైనూ ముల్లంగి ఆకులు తుంచుతోంది. “ఏమో” అంది.

షౌవా ఎదురుచూసింది. ఆ పిల్ల ‘ఏమో’ అన్నప్పుడల్లా వెనకాల ఇంకో మాట వచ్చేది. చూస్తాను అనో, అడుగుతాను అనో, రేపు చెబుతాను అనో. మాట నేర్చిన దగ్గర్నుంచీ అంతే. ఈసారి రాలేదు. ముల్లంగి ఆకులు ఒక్కొక్కటీ తెగి కుప్పలో పడుతున్నాయి.

షౌవాకి అప్పుడనిపించింది. ఇంట్లో నుంచి ఏదో ఎత్తుకుపోయారు. ఏం పోయిందో మాత్రం అంతు పట్టలేదు.

*

శనివారం మార్కెట్లో నియా టెంటూ వీళ్ళ టెంటూ పక్కపక్కనే. పొద్దున పొగమంచు విడిచేసరికి జనం వచ్చారు. మైనూ, నెంగ్ వెనకాల వ్యానులోంచి ట్రేలు దించుతున్నారు. షౌవా ఆవాకు మీద నీళ్ళు చిలకరిస్తోంది.

“వచ్చాను చూశారా!” అంటూ ఒలీవేరా బుట్టతో వచ్చింది. “ఎంత బాగుందో ఆ ఆకు. మిరపకాయ మాత్రం నన్ను ఏడిపించింది.”

షౌవా నవ్వి, లేత కట్టలు ఏరి ఇచ్చింది. ఒలీవేరా ముందుకి వంగి, గొంతు తగ్గించింది.

“మీకు థాంక్స్ చెప్పాలి. ఆ రోజు మీరు చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పిల్లని నేను బలవంతాన తోసేసేదాన్ని. మీరు అన్నదంతా గుర్తు పెట్టుకున్నాను. ఫిజిక్స్ తీయించేశాను, దూరం వద్దన్నాను. తల్లికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది!”

కొన్ని మాటలు అర్థం కావడానికి షౌవాకి సమయం పట్టింది. థాంక్స్ అర్థమైంది. ఫిజిక్స్ అర్థమైంది. ‘మీరు అన్నదంతా’ అన్నది చివరికి అర్థమైంది. అప్పుడు బుధవారం నాటి సంతోషం, కోడి పులుసు, బోర్లించిన సీసాలు, ‘ఏమో’, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. చెట్ల మీద ఉన్నవి ఎత్తుకుపోతాయని రాళ్ళు పేర్చింది. పిల్ల లోపలే ఉండిపోయింది.

“మీరు… నిజం అనుకున్నారు?” అంది.

“అంటే?”

పట్టపగలు. పైన ఒక్క మబ్బు లేని ఆకాశం. చుట్టూ జనం. షౌవా చెయ్యి బల్ల అంచు పట్టుకుంది.

“నా అమ్మాయి మంచిది” అంది.

అవతల టెంటులో నియా మిరపకాయలు పోస్తూ ఆగిపోయింది. ఆ మాత్రం ఇంగ్లీషు ఆమెకీ వచ్చు.

“చాలా తెలివి” అంది షౌవా, ఇంకాస్త గట్టిగా. “బద్ధకం లేదు. నా కంటే ముందు లేస్తుంది. మన్నుని అడుగుతుంది. మన్ను చెప్పేదాకా వదలదు. ఏడ్చేది నేను. అది కాదు. నేను అబద్ధం.”

“నోరు ముయ్యవే నీ మొహం మండ!” అని నియా పరుగెత్తుకొచ్చింది, మనవణ్ణి శాలువా కింద కప్పేస్తూ. “ఏమైందే నీకు? ఉమ్మెయ్యి! కింద ఉమ్మెయ్యి ముందు!”

“వెయ్యను అక్కా.”

“పిచ్చెక్కింది దీనికి. నెంగ్, ఓ నెంగ్, ఇటు రావయ్యా, నీ పెళ్ళాం పిల్లని చంపుకుంటోంది!”

ఒలీవేరా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “మరి ఆ రోజు అలా ఎందుకన్నారు?”

“మా వాళ్ళం మంచి చెప్పం. చెబితే తీసుకుపోతారు.”

“ఎవరు?”

షౌవా గడ్డం ఎత్తి ఆకాశం వైపూ, రోడ్డవతల చెట్ల వైపూ చూపించింది.

ఒలీవేరా ఎగతాళి చెయ్యలేదు. కళ్ళజోడు తీసి గొలుసుకి వదిలేసింది. “మా అవ్వ మా మెడల్లో పిడికిలి బొమ్మ కట్టేది, ఎవరి కళ్ళూ పడకూడదని. నేను బడి గేటు దగ్గరే విప్పి జేబులో వేసుకునేదాన్ని” అంది మెల్లగా. ఆవాకు కట్టల్ని బుట్టలో అటూ ఇటూ సర్దింది. “తప్పు నాది. ఆ పిల్లని అడగాల్సింది, అడగలేదు. మీరొక మాటంటే ఒకలా మార్చాను. ఇప్పుడింకో మాట అన్నారని మళ్ళీ మార్చను. తనే రావాలి. సోమవారం పొద్దున్నే నా గదిలో ఉంటాను. ఫిజిక్స్ క్లాసులో చోటు మిగిలి ఉంటే మళ్ళీ వేయిస్తాను, లేకపోతే ఇంకో దారి వెతుకుదాం. దరఖాస్తుకి గడువు దాటలేదు. కానీ ఆ మాట తన నోటితోనే చెప్పాలి.”

ఆవిడ వెళ్ళిపోయాక షౌవా వెనక్కి తిరిగింది. వ్యాను తలుపు పక్కన మైనూ నిలబడి ఉంది. ముల్లంగి ట్రే రెండు చేతుల మీదా ఉంది. ఎప్పటి నుంచి అలా పట్టుకుని నిలబడిందో.

“ఆవిడతో నువ్వన్నావా, నేను సిద్ధంగా లేనని?”

“అవి వింటాయని…” అంది షౌవా.

“అవి విన్నాయో లేదో నాకు తెలీదమ్మా. నేను విన్నాను. పుట్టినప్పట్నుంచీ వింటూనే ఉన్నాను.”

“అదంతా ఉత్తిదని నీకు తెలుసుగా!”

మైనూ ట్రే బల్ల మీద దించింది. ముల్లంగిని వరసగా పేర్చింది, తోకలన్నీ ఒకే వైపుకి వచ్చేటట్టు. కొనేవాళ్ళు వచ్చారు. వాళ్ళతో మాట్లాడింది. తల్లితో మాట్లాడలేదు.

*

ఇంటికి వచ్చేటప్పుడు వ్యానులో ముగ్గురూ ముందు సీట్లోనే. మధ్యలో షౌవా. నెంగ్ రెండుసార్లు ఏదో మొదలుపెట్టి, మానేసి, చివరికి “టైర్లో గాలి తగ్గింది” అన్నాడు. తగ్గలేదు. ద్రాక్ష తోటలు ఆకు పండి ఎర్రగా వెనక్కి పోతున్నాయి. మైనూ కిటికీలోంచి వాటినే చూస్తోంది. షౌవా నోటి దాకా వచ్చిన ప్రతి మాటా ఏదో ఒక భయమే. ఒక్కొక్కదాన్నే మింగుతూ వచ్చింది.

షెడ్డు దగ్గర దిగి ఎవరి పని వాళ్ళు అందుకున్నారు. మిగిలిన ఆకు కోళ్ళకి వేశారు. టెంటు మడిచి మూల పెట్టారు. మైనూ ఖాళీ ట్రేలు వరసగా పరిచి గొట్టంతో కడుగుతోంది. షౌవా ఒక్కొక్కటీ దులిపి గోడకి ఆనించింది. సాయంత్రపు ఎండ రేకుల కిందకి వాలింది.

“సోమవారం వెళతావా?” అని అడిగింది షౌవా.

మైనూ ట్రే తిరగేసి రెండో వైపు కడిగింది.

“నాకు భయం పోలేదు. పోతుందని కూడా అనుకోను. నువ్వెళితే రోజూ భయపడతాను, వెళ్ళకపోయినా భయపడతాను. ఎలాగూ భయపడేదాన్నే కదా, దాన్ని చూసి నువ్వు ఆగిపోవద్దు.”

మైనూ ఇంకో ట్రే లాక్కుంది.

షౌవా తడి చేతులు చొక్కాకి తుడుచుకుంది. ఇంకేం అడగాలో తెలియక, నిజంగా తెలుసుకోవాలని ఉన్నదే అడిగింది. “ఆ మూలలో పొంగేదానికి, పొంగనిదానికి మధ్య గీత ఉంది చూడు. కాలవలా వంకరగా. వెనిగరంతా పోసి చూశాను. అదెందుకలా ఉందో డేవిస్‌లో వాళ్ళు చెబుతారా?”

నీళ్ళు పోసే చెయ్యి ఆగింది. నీరు ఒకే చోట పడుతూ గుంట చేసింది. నెంగ్ వెళ్ళి కుళాయి కట్టేశాడు.

మైనూ గొట్టం కింద పెట్టింది. గూటి దగ్గరికి వెళ్ళి బోర్లించిన సీసా ఒకటి తీసుకుంది. షెడ్డు దాటి, కొత్తిమీర సాళ్ళు దాటి, పడమటి మూలకి నడిచింది. వంగడం కనిపించింది. నేల మీద వేలితో ఏదో గీత వెంట పోయినట్టు కాస్త దూరం వంగి వంగే నడిచింది. ఒకచోట ఆగింది. అక్కడే చాలాసేపు కూర్చుండిపోయింది. షౌవా పిలవలేదు. నెంగ్ పిలవబోతే మోచేత్తో పొడిచింది.

ఎండ చేను మీద నుంచి వెళ్ళిపోయాక మైనూ తిరిగొచ్చింది. సీసా నిండా తెల్ల మన్ను. దాన్ని గూట్లో, ఇదివరకు ఉన్న చోటే పెట్టి, మూత తిప్పి బిగించింది. చెట్ల వైపోసారి చూసింది. ఆకాశం వైపోసారి చూసింది. ఆ తర్వాత తల్లి మొహంలోకి చూసి, చేను అవతల ఉన్నవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా అంది:

“డేవిస్ ఏమంత గొప్పది కాదమ్మా. ఊరంతా ఆవుపేడ కంపట. ఆ యూనివర్సిటీ అయితే మరీ వికారం. ఛీ, ఎవరికి కావాలి అది!”